మూసిన పెట్టెకు ఊపిరి
మగ్గాల కరెంటు పెట్టెలలో నీరు చేరడానికి కారణం, నివారణ

కరెంటు పెట్టెను ఎంత బిగువుగా మూస్తే లోపలి సామాను అంత భద్రంగా ఉంటుందని మన నేతవారిలో ఒక నమ్మకం ఉన్నది. క్రిందటి వర్షాకాలం వరకు మేమూ అట్లాగే నమ్మినాము. ఆ నమ్మకం మాకు రెండు డ్రైవు కార్డులను, పదకొండు దినాల పనిని పోగొట్టింది. ఇంకొక అడుగు వేసి ఉంటే ఒక మనిషిని కూడా పోగొట్టుకొనేవారము. మా అనుభవం తోటి కుటుంబాలకు అక్కరకు రాగలదని ఈ పాఠం వ్రాస్తున్నాము.

మా కార్ఖానా భివండీలో ఉన్నది. ఎనిమిది మరమగ్గాలు. లోపల చోటు చాలక, మోటార్లకు కరెంటు పంచే ఇనుప పెట్టెను పడమటి గోడకు బయటివైపున, చూరు క్రింద బిగించినాము. మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవు కార్డు కూడా అందులోనే ఉన్నది. మూత చుట్టూ రబ్బరు పట్టీ ఉన్నది. ఆషాఢంలో ఒకనాడు మగ్గాలు ఉన్నట్టుండి ఆగిపోయినవి. పెట్టె తెరిచి చూస్తే కార్డుమీద తేమ, అడుగున నాలుగు చెంచాల నీరు. వాన జల్లు పట్టీ సందులో నుంచి వచ్చిందని నిశ్చయించుకొని, కార్డు మార్పించి, మూత అంచుల వెంట సిలికాను పూత దట్టంగా పూయించినాము. ఇక చీమ కూడా దూరదనుకొన్నాము.

మూడు వారాలు తిరగలేదు. కరెంటు భూమికి కారితే తనంతట తాను పడిపోయే ఇ.ఎల్.సి.బి. స్విచ్చి పదే పదే పడిపోవడం మొదలుపెట్టింది. ఎత్తితే నిలవదు. దసరా సరుకు మగ్గాలమీద ఉన్నది. మా కుర్రవాడొకడు విసిగి, ఆ స్విచ్చిని తప్పించి తీగె నేరుగా కలిపేస్తానన్నాడు. మా పెదనాన్నగారు వాని చేయి పట్టుకొని ఆపినారు. "అది ఊరికే పడదురా. ఎక్కడో కారుతున్నది. ముందు పెట్టె తెరువు" అన్నారు. మెయిను ఆపి, సిలికానును కత్తితో కోసి తెరిస్తే అడుగున వేలెడు లోతు నీరు నిలిచి ఉన్నది. మొదటిసారి కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. తీగె నేరుగా కలిపి ఉంటే, ఆ ఇనుప పెట్టెను తడిచేతితో ముట్టుకొన్నవాని గతి ఏమయ్యేదో తలచుకొంటే ఈనాటికీ గుండె ఝల్లుమంటుంది.

ఇంత గట్టిగా మూసిన పెట్టెలోనికి అంత నీరు ఎట్లా వచ్చింది? ఎవరూ పోయలేదు. ఆ నీటిని పెట్టే త్రాగింది. ఎట్లా త్రాగిందో తెలుసుకొంటే నివారణ తానే తెలుస్తుంది.

పెట్టె నీరు త్రాగే విధము

గాలి వేడెక్కితే వ్యాకోచిస్తుంది, చల్లారితే ముడుచుకొంటుంది. వాయువులన్నీ వేడికి ఒకే నిష్పత్తిలో వ్యాకోచిస్తాయని 1802లో గే లుస్సాక్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ప్రకటించినాడు. నేటి లెక్క ప్రకారం సున్న డిగ్రీల వద్ద ఉన్న గాలి, ఒక్కొక్క డిగ్రీ వేడికి తన పరిమాణంలో 273వ వంతు చొప్పున పెరుగుతుంది. పెరగడానికి చోటు లేకపోతే అదే నిష్పత్తిలో దాని ఒత్తిడి పెరుగుతుంది. చల్లారితే తగ్గుతుంది.

మా పెట్టె పొడవు 40 సెంటీమీటర్లు, వెడల్పు 30, లోతు 20. అనగా లోపల 24 లీటర్ల గాలి. మధ్యాహ్నం పడమటెండ, దానికి తోడు డ్రైవు కార్డు వేడి కలిసి లోపలి గాలి 60 డిగ్రీలకు చేరిందనుకొందాము. అంత వేడికి పెరిగిన గాలి ఏ సందునుంచో మెల్లగా బయటకు పోతుంది. పట్టీ ఎంత మంచిదైనా, గంటల తరబడి ఒత్తితే కొంత గాలి జారకుండా ఉండదు. సాయంత్రం ఒక జల్లు కురిసి పెట్టెమీద పడింది. లోపలి గాలి 25 డిగ్రీలకు చల్లారింది. అప్పుడు ఆ గాలి ఒత్తిడి నూటికి పది వంతులకు పైగా తగ్గిపోతుంది.

పది వంతులే కదా అని తేలికగా తీసుకోరాదు. బయటి వాతావరణం ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువుతో ఒత్తుతూ ఉంటుంది. లోపలా బయటా ఆ ఒత్తిడి సమానంగా ఉన్నంత కాలం మనకు అది తెలియదు. లోపల పదోవంతు తగ్గినదా, మా పెట్టె మూత 1,200 చదరపు సెంటీమీటర్లు గనుక, దానిమీద బయటినుంచి సుమారు 130 కిలోల బరువు పడినట్లు లెక్క. ఇద్దరు మనుషులు మూతమీద ఎక్కి నిలుచున్నట్లే. ఈ లోటు ఒక మీటరు లోతు నీటి ఒత్తిడికి సమానం. పట్టీ సందుపై వాననీటి చార ఒకటి ఉంటే చాలు, లోపలి లోటు దానిని గుటక వేస్తుంది. లోటు పూర్తిగా తీరాలంటే రెండున్నర లీటర్ల గాలి లోపలికి రావలెను. గాలికి దారి లేక, దారిలో నీరే ఉన్నప్పుడు గాలికి బదులు నీరు వస్తుంది.

సిలికాను పూసిన తరువాత నీరు ఎందుకు ఎక్కువయింది? మూత అంచు మూసినాము గాని, తీగెలు లోపలికి వచ్చే చోటు మరచినాము. పీచుతీగెల కేబులు లోపల సన్నని సందులు ఉంటాయి. బయట ఆ కేబులు తొడుగు ఒకచోట చిట్లి, వాన తడిసే చోట ఉన్నది. దీపపు వత్తి నూనెను లాగినట్లు, ఆ కేబులు నీటిని పెట్టెలోనికి లాగింది. ఇంకొక సంగతి. మొదట మూత సందులో నుంచి పగటి వేడికి కొంత ఆవిరి బయటకు పోయేది. సిలికానుతో ఆ దారి కూడా మూసినాము. లోపలికి వచ్చినది ఇక బయటకు పోలేదు. పగలు ఆవిరియై, రాత్రి చుక్కయై, అక్కడే తిరుగుతూ కార్డును తినివేసింది.

ఎండా వానా లేకున్నా ఒత్తిడి మారే సందర్భం మరొకటి కలదు. ఎత్తుకు పోయినకొలది గాలి పలుచబడుతుంది. బొంబాయి వైపునుంచి షోలాపురం పోయే లారీ ఖండాలా ఘాటు ఎక్కి సుమారు 600 మీటర్ల ఎత్తుకు చేరేసరికి బయటి ఒత్తిడి నూటికి ఏడు వంతులు తగ్గుతుంది. దుకాణంలో వ్రేలాడే చిప్సు పొట్లాలు ఘాటు మీద ఉబ్బి కనబడేది ఇందుచేతనే. గట్టిగా మూసిన యంత్రపు పెట్టె కూడా ఆ పొట్లం వలెనే ఉబ్బుతుంది, దిగినప్పుడు ముడుచుకొంటుంది. సముద్రతీరం నుంచి 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగుళూరుకు పోయే సామానుకు ఈ మార్పు పది వంతులు. కొత్త యంత్రం బిగించకముందే పట్టీ వదులయ్యేది కొన్నిసార్లు దారిలోనే.

ఇంట్లో చేసి చూడదగిన పరీక్ష

పిల్లలకు ఇది చేసి చూపవలెను. రెండు ప్లాస్టిక్ నీళ్లసీసాలు తీసుకొని, వాటిలో వేడినీళ్లు పోసి, కొంచెంసేపు కదిలించి పారబోసి, వెంటనే మూతలు బిగించండి. మొదటి సీసాను చల్లనినీళ్ల బకెట్టులో ముంచితే అది చప్పున నొక్కుకుపోతుంది. ఎవరూ నొక్కలేదు. బయటి గాలి నొక్కింది. రెండవ సీసా మూతకు ముందే సూదితో బెజ్జం చేసి, దానిని వేలితో మూసి, తలక్రిందులుగా నీళ్లలో ముంచి వేలు తీయండి. బెజ్జంలో నుంచి సన్నని నీటిధార లోపలికి చిమ్ముతుంది. మొదటిది పట్టీ నలిగిపోయే విధము. రెండవది పెట్టె నీరు త్రాగే విధము.

రంధ్రం చేస్తే సరిపోదా?

గాలికి దారి లేకపోవడమే జబ్బు అయితే పెట్టెకు నాలుగు రంధ్రాలు చేస్తే సరి కదా అని ఎవరైనా అడుగవచ్చును. మేమూ అడిగినాము. మన కార్ఖానాలో అది కుదరదు. మగ్గాల నడుమ గాలిలో తేలే దూది నూగు సంగతి మనకు తెలియనిది కాదు. ఉదయం తుడిచిన చోటనే సాయంత్రానికి బొచ్చు దుప్పటి పరచినట్లు ఉంటుంది. ఆ నూగు పెట్టెలోనికి చేరి, తేమ పీల్చి, కార్డు కాళ్ల నడుమ పేరుకొంటే కరెంటుకు వంతెన వేసినట్లే. నిప్పురవ్వ పడితే నూగు అంటుకొంటుంది కూడా. ఫ్యాను, జల్లెడ అమర్చిన పెట్టెలలో సైతం, మన షెడ్లలో జల్లెడ రోజుల్లోనే మూసుకుపోయి లోపల వేడి పెరుగుతుంది.

కనుక మనకు కావలసినది గాలి వచ్చి పోయే దారి. కాని ఆ దారిలో నీటిచుక్క రారాదు, నూగు రారాదు. వినడానికి ఇది విడ్డూరంగా ఉన్నా మన ఇళ్లలో ఈ ఉపాయం ఎన్నడో ఉన్నది. ఆవకాయ జాడీకి మన తల్లులు వాసెన కడతారు. గుడ్డ గాలిని ఆపదు, ఈగను దుమ్మును ఆపుతుంది. వీధిలోని ట్రాన్స్‌ఫార్మరును చూడండి. చాలావాటికి ప్రక్కన చిన్న గాజు బుడ్డి వ్రేలాడుతూ, లోపల రంగు గుళికలు కనబడతాయి. ట్రాన్స్‌ఫార్మరులోని నూనె పగలు వేడెక్కి పొంగుతుంది, రాత్రి చల్లారి దిగుతుంది. దిగినప్పుడు లోపలికి పోయే గాలి ఆ సిలికా జెల్ గుళికల నడుమ నుంచి పోయి తేమ వదలి వెళుతుంది. నీలిరంగు గుళికలు తేమ నిండగానే గులాబిరంగుకు తిరుగుతాయి. అంత పెద్ద యంత్రానికే ఊపిరి ఏర్పాటు చేసినారు. మన పెట్టెకు అక్కరలేదా?

గాలిని పంపి నీటిని ఆపే పొర

ఇప్పుడు కంపెనీలవారు ఇటువంటి పెట్టెలకు బ్రీదర్ వెంట్ అనే చిన్న బిళ్ళను అమ్ముతున్నారు. మనము దానిని ఊపిరిబిళ్ళ అందాము. చూపుకు అది మర బిరడా వలె ఉంటుంది. నడుమ తెల్లని పలుచని పొర ఒకటి, దానిమీద కాపుగా చిన్న టోపీ. పనంతా ఆ పొరదే.

ఆ పొర నీటిని ఎట్లా ఆపుతుందో నేతవారికి చెప్పడం సులభం. కోరా నూలు చిలపను నీళ్లలో వేస్తే వెంటనే మునగదు, తేలుతుంది. ప్రత్తిపీచు మీద పుట్టుకతో వచ్చిన మైనపు పూత ఉన్నందున నీరు దానిని అంటదు. సోడా వేసి ఉడకబెట్టిన తరువాత అదే నూలు చప్పున నీరు పీల్చి మునుగుతుంది. రెండు పోగుల నడుమ సందు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మారినది పీచుకు నీటితో ఉన్న పొత్తు. తామరాకు నీటిని అంటనీయనట్లు, అంటనీయని పదార్థంలో సన్నని సందు ఉంటే నీరు ఆ సందు ముఖం దగ్గర బొట్టుగా నిలిచిపోతుంది. సందు ఎంత సన్ననిదైతే నీటిని లోనికి నెట్టడానికి అంత ఎక్కువ బలం కావలెను. గాలికి ఆ అడ్డు లేదు.

ఊపిరిబిళ్ళలోని పొరను సాధారణంగా పి.టి.ఎఫ్.ఇ. అనే పదార్థంతో చేస్తారు. దోసెపెనం మీద అంటుకోకుండా పూసే టెఫ్లాను అదే. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు గ్యాసు నింపిన సిలిండరు నుంచి గ్యాసు రాకపోగా, కోసి చూస్తే లోపల తెల్లని పొడి కనబడింది. అదే ఈ పదార్థం. దానిని గాలి దూరే పొరగా మార్చినవాడు రాబర్ట్ గోర్. 1969లో ఆయన ఆ పదార్థపు కడ్డీలను వేడిచేసి మెల్లగా సాగదీయ ప్రయత్నిస్తే ప్రతిసారీ తెగిపోయేవి. విసుగెత్తి ఒక కడ్డీని ఒక్కసారిగా గుంజినాడు. అది తెగలేదు, చేతులు చాచినంత పొడవు సాగింది. సాగిన పదార్థాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే ఏకిన దూది వలె ఉంటుంది. చిన్న చిన్న గడ్డలు, వాటిని కలుపుతూ సన్నని పీచులు, ఆ పీచుల నడుమ కంటికి కనబడని సందులు. వడికేవారు దూదిని తగిన వేగంతో లాగి పోగు తీయడం ఎరిగిన మనకు, లాగే వేగంలో ఇంత మర్మం ఉన్నదంటే ఆశ్చర్యం కలుగదు.

ఆ సందుల కొలత మైక్రాన్లలో చెప్తారు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఈ పదార్థంలో ఒక మైక్రాను సందులోనికి నీటిని నెట్టాలంటే సుమారు పది మీటర్ల లోతు నీటి ఒత్తిడి కావలెను. పది మైక్రాన్ల సందుకు ఒక మీటరు చాలు. ఒక మిల్లీమీటరు రంధ్రానికి ఒక సెంటీమీటరు నీరే చాలు. రంధ్రం చేయడానికీ పొర పెట్టడానికీ భేదం ఇదే. నీటి ఆవిరి కణమో, మైక్రానులో వెయ్యవ వంతు కంటె కూడా చిన్నది. కనుక గాలితోపాటు ఆవిరి నిరాటంకంగా వస్తూ పోతూ ఉంటుంది.

ఇటువంటి పనిని నేతతోనే సాధించినవారు కూడా ఉన్నారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులోని మాంచెస్టరులో, ప్రత్తి పరిశ్రమకు చెందిన షర్లీ ఇన్‌స్టిట్యూట్‌లో వెంటైల్ అనే గుడ్డను తయారుచేసినారు. చల్లని సముద్రంలో పడిపోయే విమానచోదకుల దుస్తులకు అది ఉపయోగపడింది. పొడవుపీచు ప్రత్తి నూలు, పడుగులో రెండేసి పోగులు జతగా, మిక్కిలి చిక్కని నేత. పూత లేదు, రబ్బరు లేదు. పొడిగా ఉన్నప్పుడు పోగుల సందులలో నుంచి గాలి ఆడుతుంది. తడి తగలగానే ప్రత్తిపీచు ఉబ్బి సందులను మూస్తుంది. లారీలకు వ్రేలాడదీసే కాన్వాసు నీళ్లసంచి నిలువునా కారిపోకపోవడంలో ఉన్న సూత్రం కూడా కొంతవరకు ఇదే. పొరకు తడి అంటదు గనుక నీటిని ఆపుతుంది, వెంటైల్ తడిసి ఉబ్బి ఆపుతుంది. దారులు వేరైనా, ఊపిరి ఆడనిస్తూ నీటిని ఆపడం ఒక్కటే పని. పోగుల నడుమ సందు ఎంత ఉండవలెనో నిర్ణయించడమే నేత విద్యలో సగం. ఈ బిళ్ళ మనకు పరాయి విద్య కాదని చెప్పడానికే ఇంత వ్రాసినాము.

బిళ్ళ చేసే పని, చేయని పని

బిళ్ళ బిగించిన పెట్టెలో లోటు ఏర్పడనే ఏర్పడదు. గాలి చల్లారుతున్నకొద్దీ పొర గుండా బయటి గాలి లోపలికి వచ్చి ఒత్తిడిని సరిచేస్తుంది. లాగే బలమే లేనప్పుడు పట్టీ దగ్గర నిలిచిన వాననీరు లోపలికి రాదు, పట్టీ నలిగిపోదు.

అయితే ఇది తేమను పూర్తిగా తీసివేసే మంత్రం కాదు. ఈ విషయంలో పొరపాటు పడరాదు. ఆవిరి రెండు వైపులకూ పోతుంది గనుక, కొంతకాలానికి లోపలి తేమ బయటి తేమతో సమానమౌతుంది. ఘనమీటరు గాలి 30 డిగ్రీల వద్ద సుమారు 30 గ్రాముల ఆవిరిని పట్టుకోగలదు. 20 డిగ్రీల వద్ద సుమారు 17 గ్రాములే. మా 24 లీటర్ల పెట్టెలో నిండుతేమ గాలి అట్లా చల్లారితే ఆరేడు చుక్కల నీరు గోడలకు పడుతుంది. గట్టిగా మూసిన పెట్టెలో ఆ చుక్కలు ఎన్నటికీ అక్కడే ఉంటాయి. బిళ్ళ ఉన్న పెట్టెలో మరునాడు వేడెక్కగానే ఆవిరియై బయటకు పోతాయి. వాన వెలిసిన ఉదయం మోటారుబండి ముందు దీపపు అద్దంలో పొగమంచు పట్టి, ఎండెక్కేసరికి తానే పోవడం చూస్తుంటాము. అక్కడా ఇటువంటి ఊపిరిదారే పనిచేస్తున్నది.

దీనినిబట్టి ఇంకొక సంగతి. బిళ్ళ పెట్టిన పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి ధైర్యంగా ఉండరాదు. మేము వేసి చూసినాము. వారం తిరగకుండా నీలం గులాబి అయింది. బయటి తేమ లోపలికి వస్తూనే ఉంటుంది గనుక ఆ పొట్లం ఎన్నాళ్లని పీలుస్తుంది? యానాం, బరంపురం వంటి తీరపు ఊళ్లలో రాత్రి తేమ ఎక్కువ. అటువంటి చోట రాత్రి మగ్గాలు ఆపినప్పుడు పెట్టె పూర్తిగా చల్లారకుండా చిన్న హీటరు అమర్చుకోవడం మేలు. అందుకోసమే తయారైన హీటర్లు దొరుకుతున్నాయి.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

బిళ్ళ వందల రూపాయలలో పోయే వస్తువు. కార్డు వేలలో పోయే వస్తువు. కాని ఏదో ఒక బిళ్ళ తెచ్చి ఎక్కడో ఒకచోట బిగిస్తే ప్రయోజనం లేదు. మేము తప్పులు చేసి నేర్చుకొన్న సంగతులు ఇవి.

ఒకటి, కొలత. బిళ్ళ గుండా నిమిషానికి ఎంత గాలి పోగలదో కంపెనీ కాగితంలో ఉంటుంది. మా పెట్టెకు రెండున్నర లీటర్ల గాలి కావలెనని పైన లెక్క చూసినాము. వానజల్లుకు పది నిమిషాలలో చల్లారితే, నిమిషానికి పావు లీటరు పోవలెను. పెట్టె పెద్దదైతే పెద్ద బిళ్ళ, లేదా రెండు బిళ్ళలు.

రెండు, ఐ.పి. అంకె. పెట్టెమీద ఐ.పి.54, ఐ.పి.65 అని ముద్రించి ఉంటుంది. మొదటి అంకె దుమ్మును గురించి, రెండవది నీటిని గురించి. దుమ్ముకు 6 అంటే దుమ్ము ఏమాత్రం దూరదని. నీటికి 4 అంటే చిమ్మిన నీటికి, 5 అంటే గొట్టపు ధారకు, 7 అంటే ఒక మీటరు నీటిలో అరగంట మునిగినా తట్టుకొంటుందని అర్థం. బిళ్ళ అంకె పెట్టె అంకెకు తక్కువగా ఉండరాదు.

మూడు, చోటు. మొదట మేము బిళ్ళను పెట్టె నెత్తిమీద పెట్టించినాము. దానిమీద నీరు నిలిచి, నూగు పేరుకొని, పొర మూసుకుపోయింది. నీరు నిలిచిన పొర గాలిని పంపలేదు. బిళ్ళను ప్రక్క గోడకు, వాన ఎదురుగా కొట్టని వైపున పెట్టవలెను.

నాలుగు, శుభ్రత. మనము మగ్గాలమీది నూగును కంప్రెసరు గాలితో ఊదివేస్తాము. ఆ గొట్టాన్ని బిళ్ళ వైపు త్రిప్పరాదు. ఆ బలానికి పొర చిరిగిపోతుంది. మెత్తని పొడి కుంచెతో టోపీమీది నూగును తీస్తే చాలు. సబ్బునీళ్లతో కడుగరాదు. కోరా నూలును సబ్బు ఎట్లా తడుపుతుందో, పొరను కూడా అట్లాగే తడుపుతుంది. సబ్బు కలిసిన నీరు పొరను దాటగలదు. మగ్గపు నూనె, గంజి తుంపరలు పడే చోట నూనెను కూడా అంటనీయని రకం బిళ్ళను అడిగి తీసుకొనవలెను. పెట్టెకు రంగు వేయించేటప్పుడు బిళ్ళను తప్పించవలెను. రంగు పూసిన బిళ్ళ మూసిన ముక్కుతో సమానం.

అయిదు, తీగెలు. కేబులు పెట్టెలోనికి పోయే ముందు క్రిందికి ఒక వంపు ఇస్తే, దాని వెంట జారే నీరు వంపు దగ్గర రాలిపోతుంది. వాడని రంధ్రాలను బిరడాలతో మూయవలెను. చిట్లిన కేబులును మార్చవలెను. ఊపిరికి ఒకే దారి ఉండవలెను, అది బిళ్ళ దారి కావలెను.

ఆరు, ఎవరు చేయవలెను. మెయిను ఆపి, తెలిసిన ఎలక్ట్రీషియను చేతనే రంధ్రం చేయించవలెను. లోపల ఇనుప రజను పడితే అదే కార్డుకు చేటు. హామీకాలం గడువని యంత్రమైతే ముందు అమ్మినవారిని అడుగవలెను. నిప్పుకు అంటుకొనే ఆవిరులు ఉండే చోట వాడే ప్రత్యేకమైన పెట్టెలకు ఈ బిళ్ళలు పనికిరావు. వాటిని ఎవరూ ముట్టరాదు.

కర్ణాటకలోను తమిళనాడులోను చేమగ్గాలమీద సైతం ఇప్పుడు ఎలక్ట్రానిక్ జక్కార్డులు పనిచేస్తున్నాయి. వాటి పెట్టె తడిగోడకు దగ్గరగా, పడుగుకు నీరు చల్లే చోట ఉంటే ఈ పాఠం వారికీ వర్తిస్తుంది. ముందు పెట్టెను తడి తగలని చోటికి మార్చండి. అది కుదరనప్పుడు బిళ్ళ గురించి ఆలోచించండి.

చివరి మాట

మా పెట్టెకు బిళ్ళ పెట్టించి, కేబులు మార్పించి, మూతకు సిలికాను తీసివేసి కొత్త పట్టీ వేయించినాము. ఆ తరువాత కురిసిన వానలకు వారానికొకసారి మెయిను ఆపి తెరిచి చూస్తూ వచ్చినాము. అడుగున చుక్క నీరు లేదు. స్విచ్చి మరి పడలేదు.

ఆ స్విచ్చిని గురించి ఒక్క మాట తప్పక చెప్పవలెను. అది పడిపోతున్నదంటే ఎక్కడో తేమ చేరి కరెంటు కారుతున్నదేమోనని పెట్టె తెరిచి చూడవలెను గాని, దానిని తప్పించి తీగె కలుపరాదు. సరుకు ఒక దినం ఆలస్యమైతే సేటు కోప్పడతాడు, అంతే. మా కుర్రవాడు ఇప్పుడు ప్రతి ఆదివారం బిళ్ళమీది నూగును తానే కుంచెతో దులుపుతున్నాడు.

వర్షాకాలం రాకముందే ప్రతి కుటుంబమూ తమ పెట్టెలను ఒకసారి తెరిచి చూసుకొనవలెనని కోరుచున్నాము. పట్టీ అంచున తుప్పుచార, తీగెల కొనలమీద పచ్చని చిలుము, అడుగున ఎండిన నీటిమచ్చ, వీటిలో ఏది కనబడినా మీ పెట్టె నీరు త్రాగుతున్నదని తెలుసుకొనవలెను. దానికి ఇంకా గట్టి మూత వెదకవద్దు. ఊపిరి పెట్టండి.